అనువాదం అక్కర్లేని మాట

నాకు నా తెలుగు మీద ఉన్నంత పొగరు ఇంక దేని మీదా లేదు. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మంచిది, ఎందుకంటే ఆ శుక్రవారం జరిగినదానికి మొదలు అదే.

దోహాలో నాది డాక్యుమెంట్ కంట్రోలర్ ఉద్యోగం. మ్యూజియంలకు లోపలి గోడలు, అద్దాల పెట్టెలు, తలుపులు చేసిపెట్టే ఒక కంపెనీలో డ్రాయింగులకు నంబర్లు వేస్తాను, పాతవి తీసి కొత్తవి పెడతాను, సంతకం పెట్టకుండా తప్పించుకు తిరిగే ఇంజనీర్ల వెంటపడతాను. చరిత్రలో ఎమ్మే చేసి, గోదావరి ఒడ్డున ఏదో కాలేజీలో పాఠాలు చెప్పుకోవాల్సినదాన్ని ఇక్కడ తలుపుల నంబర్లు బట్టీ పట్టాను. మా ఆయనకు మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ. వారంలో నాలుగు రోజులు అక్కడే ఉంటాడు. అందుకని ఫరీజ్ బిన్ మహమూద్‌లోని మా రెండు గదుల ఫ్లాట్‌లో నేను గోడలతో మాట్లాడుకోవడం ఎక్కువ.

మేం పని చేసిన ఒక గ్యాలరీలో రోమా సామ్రాజ్యం చివరి శతాబ్దాల నాటి ఒక పట్టణం మీద ప్రదర్శన పెట్టారు. సిరియా ఎడారి అంచున ఉండేదట ఆ పట్టణం. పెద్ద పేరున్నదేమీ కాదు. మన లెక్కలో చెప్పాలంటే ఒక జిల్లా కేంద్రం. స్తంభాల వీధి, స్నానశాలలు, నాటకశాల, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. తెచ్చిన అసలు రాళ్ళు తక్కువ, పోతపోసిన నమూనాలు ఎక్కువ. హాలు మధ్యలో ఒక బల్ల మీద ఊరంతా చిన్నగా చేసి పెట్టారు. హాలు చివర గోడకు ఆ ఊరి పడమటి ద్వారాన్ని నిలువెత్తున నిలబెట్టారు.

శుక్రవారం నమాజు అయ్యాక కంపెనీల నుంచి పనివాళ్ళను బస్సుల్లో తీసుకొచ్చి, ఎవరి భాషలో వాళ్ళకు ఆ ఊరి కథ చెప్పించాలని మ్యూజియం వాళ్ళు అనుకున్నారు. హిందీకి, మలయాళానికి, బెంగాలీకి, నేపాలీకి మనుషులు దొరికారు. తెలుగుకు ఎవరైనా ఉన్నారా అని మా ఆఫీసుకు మెయిల్ వస్తే, మిగతావాళ్ళు చదివేలోపే నేను జవాబిచ్చేశాను. పన్నెండు పేజీల ఇంగ్లీషు పాఠం చేతిలో పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, సొంత కల్పనలు వద్దు అన్నారు. ఆ మాట నాకు చెప్పక్కర్లేదు. చరిత్రలో లేనిది ఎవరైనా ఒక్క ముక్క కలిపితే నాకు ఒళ్ళు మండుతుంది. పెళ్ళిళ్ళలో మా పెద్దనాన్నగారు తాతల గొప్పలు చెబుతుంటే మధ్యలో లేచి ఆధారం ఏమిటని అడిగి తిట్లు తిన్నదాన్ని.

ఇంక తెలుగు సంగతి. రోమా వాళ్ళ కోసం నాకు తెలిసిన తెలుగు మా ఇంట్లో పొద్దున్నే చదువుకునే బైబిలు తెలుగే. చక్రవర్తి అంటే కైసరు, వందమంది సైనికుల మీద అధికారి శతాధిపతి, పన్నులు వసూలు చేసేవాడు సుంకరి. దానికి ఎమ్మే గ్రాంథికం తోడైంది. రాసుకుని నేనే చదువుకుని మురిసిపోయాను.

ఒక రోజు అలా బల్ల దగ్గర కూర్చుని పైకి చదువుకుంటున్నాను. వంటింట్లో సింకు కారుతుంటే బాగుచేయడానికి ప్లంబర్ వచ్చి ఉన్నాడు. మా బిల్డింగ్ వాచ్‌మన్ ఎప్పుడూ పిలిపించే మనిషే. కరీంనగర్ వైపు పల్లె. నలభై దాటి ఉంటాయి. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాని ప్లైవుడ్ అడ్డాలు కట్టి గదులు చేస్తే అందులో ఒక గదిలో మరో ముగ్గురితో ఉంటాడు. అతని గురించి నాకు తెలిసింది అంతే. ఏ కంపెనీ అని రెండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ప్లంబర్ని సింకు గురించి అడుగుతాం గానీ కంపెనీ గురించి ఎవరడుగుతారు?

ఏడో పేజీలో ఉన్నాను. "పురపాలక సభాసదులు తమ విధ్యుక్త ధర్మాన్ని విడనాడి పలాయనం చిత్తగించారు" అని గొంతు సవరించుకుని మరీ చదివాను. సింకు కింద నుంచి నవ్వు వినిపించింది.

"గా ఆఖరు మాట మల్లొక్కపారి అనుండ్రి మేడం," అన్నాడు బయటికి రాకుండానే.

పలాయనం చిత్తగించడం అంటే పారిపోవడం అని కాస్త విసురుగా చెప్పాను. మరి పారిపోయిన్రనే అనొచ్చు కదా అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పైపులు బిగించుకునేవాడు నా తెలుగు దిద్దడమేమిటి అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, ఇప్పుడు దాచి లాభం లేదు. కానీ నా పాఠం వినబోయేది సాహిత్య సభ కాదు, ఇలాంటివాళ్ళే కదా అని ఆ వెంటనే తట్టింది. బయటికి రమ్మని కుర్చీ చూపించాను. అతను కుర్చీలో కూర్చోకుండా చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

వాళ్ళెందుకు పారిపోయారని అడిగాడు. చెప్పాను. ఒకప్పుడు ఆ ఊళ్ళో సభలో సభ్యుడు కావడమంటే గొప్ప గౌరవం. కలిగినవాళ్ళు సొంత ఖర్చుతో స్నానశాల కట్టించి రాయి మీద పేరు చెక్కించుకునేవారు. చివరి రోజుల్లో అదే మెడకు చుట్టుకుంది. ఊరి పన్నులు వసూలు చేయాల్సింది వాళ్ళే, తగ్గితే సొంత ఆస్తి నుంచి పూడ్చాల్సిందీ వాళ్ళే. తండ్రి సభ్యుడైతే కొడుకూ సభ్యుడు కావలసిందే, వద్దనడానికి లేదు. పై అధికారి అనుమతి లేకుండా ఊరు దాటడానికి లేదు. దాంతో ఒక్కొక్కరే సైన్యంలోకి, మఠాల్లోకి, పెద్ద భూస్వాముల పొలాల్లోకి పోయి దాక్కున్నారు. వెతికి పట్టుకొచ్చి మళ్ళీ కూర్చోబెట్టండని చక్రవర్తులు చట్టం మీద చట్టం చేశారు.

అతను చేతులు తుడుచుకున్న గుడ్డ మడిచి భుజాన వేసుకున్నాడు. తర్వాత, "ఊరు దాటాలంటే పెద్దసారు దస్కతు గావాల్నా?" అన్నాడు.

అవునన్నాను.

"గట్లయితె గాళ్ళు పారిపోయిన్రు గాదు మేడం. ఖల్లివెల్లి అయిన్రు."

ఖల్లీవల్లీ అన్న మాట నాకు తెలియనిది కాదు. గల్ఫ్‌లో అందరి నోళ్ళలో నలిగేదే. అరబ్బీలో పోనీలే, వదిలెయ్ అని. మా ఆఫీసులో ప్రింటర్ మొరాయిస్తే అందరం ఖల్లీవల్లీ అనుకుని టీకి లేస్తాం. కానీ వాళ్ళ వైపు ఆ మాటకు వేరే బరువుందని అతను చెబితే తెలిసింది. కాగితాలు కంపెనీ దగ్గరే వదిలేసి వెళ్ళిపోయినవాడు ఖల్లివెల్లి. వాడికి కార్డు ఉండదు, జబ్బు చేస్తే ఆసుపత్రికి పోవడానికి భయం, ఇంటికి పోవాలన్నా దారి ఉండదు. ఊళ్ళో ఎవరినైనా మీవాడు దుబాయ్‌లో ఎట్లున్నాడని అడిగితే, ఖల్లివెల్లి అయిండని గొంతు తగ్గించి చెబుతారట. ఇప్పుడు చట్టాలు మారి కంపెనీ మారడం సులువైందనీ, మారకముందు వెళ్ళిపోయినవాళ్ళు మాత్రం మధ్యలో చిక్కుకుపోయారనీ అన్నాడు. అదంతా ఎవరో మూడో మనిషి సంగతి చెప్పినట్టే చెప్పాడు. నేనూ అలాగే విన్నాను.

పోయేముందు రెండు ప్రశ్నలు వేశాడు. పోయినవాడి భారం మిగిలినవాళ్ళ మీద పడేదా అన్నది మొదటిది. పడేది, ఆ సభలో ఉన్నవాళ్ళే మోయాల్సి వచ్చేది అన్నాను. అతను పానా సంచిలో వేసుకున్నాడు.

"ఎవ్వలన్న తమంతల తాము వాపస్ అచ్చిన్రా మేడం?"

పట్టుకొచ్చినవాళ్ళ గురించే ఉంది గానీ, తమంతట తాము వచ్చినవాళ్ళ గురించి ఎక్కడా లేదని చెప్పాను. చరిత్రలో లేనిది చెప్పనని కూడా అన్నాను.

ఆ తర్వాత సింకు కారలేదు గానీ నేనే ఏదో వంక పెట్టి అతన్ని ఇంకో రెండుసార్లు పిలిపించాను. పన్నెండు పేజీలూ అతని చేత వడపోయించాను. సుంకరి అంటే తమ ఊళ్ళో ఇంటిపేరనీ, రోమ్‌లో వాళ్ళ చుట్టాలున్నారేమో అనుకుంటారనీ అంటే ఆ మాట కొట్టేశాను. శతాధిపతి పోయాడు. పలాయనం పోయింది. ఏడో పేజీలో ఖల్లివెల్లి వచ్చి కూర్చుంది. పాఠం ఎంత బాగా వచ్చిందో నాకే తెలుస్తోంది, అందుకే అతను వచ్చి వినాలని పట్టుబట్టాను. డ్యూటీ ఉందన్నాడు. శుక్రవారం ఏం డ్యూటీ అన్నాను. అలాంటి చోటుకు తానెందుకన్నాడు. మ్యూజియంలో పులులేమైనా ఉన్నాయా, ఇంత రాయించి వినడానికి రాకపోతే ఎలా అని దెప్పాను. చూస్త మేడం అని వెళ్ళిపోయాడు.

ఆ శుక్రవారం మెసయీద్ క్యాంప్ నుంచి ఒక కంపెనీ బస్సులో ముప్పై మంది వచ్చారు. అందరివీ ఒకే రకం నీలం చొక్కాలు. వాళ్ళతో మందూబ్ వచ్చాడు. కంపెనీ తరఫున ప్రభుత్వ ఆఫీసుల్లో కాగితాల పనులు చూసే మనిషిని ఇక్కడ మందూబ్ అంటారు. అరబ్బీ అతని మాతృభాష, హిందీ ధారాళంగా వచ్చు, ఇంగ్లీషు పని జరిగేంత. మర్యాదస్తుడు. ముందు నా చేతికి మంచినీళ్ళ సీసా ఇచ్చి తర్వాత తను తాగాడు. ముప్పై గుర్తింపు కార్డులూ అతనే తీసుకుని కౌంటర్ దగ్గర చూపించి, సంఖ్య సరిపోయిందనిపించుకుని, కట్టగా చేతిలోనే పట్టుకున్నాడు.

ఆఖరి వరసలో నీలం చొక్కాలో మా ప్లంబర్ కనిపించాడు. ఓహో, ఇదా ఇతని కంపెనీ అనుకున్నాను. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో ఉండేవాడు మెసయీద్ బస్సులో ఎందుకు దిగాడన్న ఆలోచన కూడా నాకు రాలేదు. వచ్చాడన్న సంతోషంలో తల ఊపాను. అతను ఊపలేదు.

పాఠం నేను అనుకున్నదానికంటే బాగా సాగింది. స్నానశాలల దగ్గర ప్రశ్నలు వేశారు. రాళ్ళు చెక్కినవాళ్ళకు కూలి ఎవరిచ్చారని ఒకతను అడిగితే అందరూ మెచ్చుకున్నట్టు చూశారు. నాకు హుషారెక్కింది. బల్ల మీది ఊరి ముందు వాళ్ళను వరసలుగా నిలబెట్టి, పట్టణ పెద్దల కథ మొదలుపెట్టి, ఊరు దాటాలంటే పెద్దసారు దస్కతు కావాలన్న చోట ఒక క్షణం ఆగి, "దాంతో వాళ్ళు ఒక్కొక్కరే ఖల్లివెల్లి అయిపోయారు" అన్నాను.

హాలంతా గొల్లుమంది. నవ్వుతూనే ఆ తలలన్నీ, పొలంలో గాలి మళ్ళినట్టు, ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. ఆఖరి వరసలో ఉన్న అతని వైపు. ఆ మరుక్షణమే, తిరక్కూడదని గుర్తొచ్చినట్టు అన్నీ ముందుకు తిరిగేశాయి. నవ్వు కూడా అక్కడే తెగిపోయింది.

మందూబ్ అప్పటిదాకా పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ముప్పావుగంట నా తెలుగులో అతని చెవికి అందిన మొదటి మాట అదే. తలెత్తి నవ్వుతూ, మీ భాషలో కూడా ఈ మాట ఉందా, మీకు దాని అర్థం ఏమిటి అని హిందీలో అడిగాడు.

మాటకు అర్థం అడిగితే నేను ఆగలేను. అరబ్బీలో పోనీ అని, మా తెలంగాణ వాళ్ళ దగ్గర మాత్రం కంపెనీ వదిలి పారిపోయినవాడని, అలా అర్థం మారడం ఎంత విచిత్రమో చూడండని, పంతులమ్మలా వేళ్ళు తిప్పుతూ వివరించాను. అతను శ్రద్ధగా విన్నాడు. విన్నాక నవ్వు తగ్గించి, ఇందాక అందరూ చూసిన వైపే చూశాడు.

అప్పుడు నాకు అర్థమైంది. ఈ ముప్పై మందికీ ఎప్పటి నుంచో తెలిసిన సంగతి, రెండేళ్ళుగా నా సింకు కింద పడుకుని పని చేస్తున్న మనిషి సంగతి, నాకొక్కదానికే తెలియలేదు. తెలియకపోగా నేనే పిలిచి, నేనే దెప్పి, నేనే తీసుకొచ్చి మందూబ్ ముందు నిలబెట్టి, ఆ మాటకు అర్థం కూడా చెప్పాను. నోరు కుట్టేసుకోవాలనిపించింది.

మందూబ్ గొంతు పెంచలేదు. మీరు కానివ్వండి మేడం, నేను ఒకసారి కార్డులు చూసుకుంటాను, తేడా వస్తే నా ఉద్యోగం పోతుంది అన్నాడు. ముందు వరస మొదట్లో నిలబడి పై కార్డు తీశాడు. ఫోటో చూశాడు, మనిషిని చూశాడు, కార్డు అతని చేతికిచ్చి పక్కకు జరగమన్నాడు. రెండో కార్డు తీశాడు.

మూడు వరసలు, వరసకు పదిమంది. ఆఖరి వరస చేరడానికి ఐదారు నిమిషాలు పట్టొచ్చు. ఆ హాలు డ్రాయింగులు నా చేతి మీదుగా పోయినవే. పడమటి ద్వారం నమూనాకు ఎడమ పక్కన గోడలో కలిసిపోయేట్టు చేసిన సర్వీసు తలుపు ఉంది. సామాన్లు తేవడానికి పెట్టినది. దానికి తెరిస్తే మోగే గంట బిగించాల్సిన పని మిగిలిపోయిందని నేనే మూడుసార్లు మెయిల్ పెట్టాను. అతను ఆ తలుపుకు పది అడుగుల దూరంలో ఉన్నాడు. తలుపు ఉందని అతనికి తెలియదు.

చెప్పాలి. కానీ ఎలా? డోర్ అంటే మందూబ్‌కు తెలుసు. గేట్ తెలుసు. వాళ్ళ తెలంగాణలో దర్వాజ అంటారు, అది హిందీలోనూ ఉంది. ఎగ్జిట్, లిఫ్ట్, బస్, అన్నీ తెలిసినవే. మేం పొద్దున లేచిన దగ్గర నుంచి మాట్లాడే తెలుగులో సగం అతనికి అర్థమయ్యే మాటలే అని నాకు ఆ రోజే తెలిసింది. నేను కైసరు అన్నా అతను తల తిప్పేవాడు, అరబ్బీలో కూడా ఆ మాట ఉంది. అచ్చంగా నా భాష అనుకుని పొగరుపడ్డదాంట్లో నాకంటూ ఎన్ని మాటలు మిగిలాయో వెతుక్కున్నాను.

బల్ల మీది ఊరి వైపే చూస్తూ, గోడ వైపు కన్నెత్తకుండా మొదలుపెట్టాను.

"ఈ ఊరికి పడమటి వైపు ఒక పెద్ద వాకిలి ఉంది చూశారా. దాని ఎడమ పక్కన, గోడలో కలిసిపోయి," అన్నాను. రంగు అనబోయి నాలుక కరుచుకున్నాను, హిందీలోనూ రంగే. "కలిసిపోయి కనబడకుండా చిన్న తలుపు ఒకటి ఉంది. తోస్తే తెరుచుకుంటుంది, చప్పుడు కాదు. అవతల పొడుగాటి నడవ. నడవ చివర ఎండ. పోవాలనుకున్నవాడు అటు పోయాడు."

ముప్పై మందిలో ఒక్కరూ కదల్లేదు. మందూబ్ రెండో వరస మొదలుపెట్టాడు. నా మాట మా ప్లంబర్‌కు చేరిందో లేదో తెలియలేదు. అదే మళ్ళీ వేరే మాటల్లో చెప్పాను. మధ్యలో ఉన్న ఇద్దరు పొడుగువాళ్ళు, నమూనాలు చూడ్డానికన్నట్టు, పక్కకు జరిగి మందూబ్‌కు వెనక వరస కనబడకుండా నిలబడ్డారు. వాళ్ళకు నేను చెప్పలేదు. నేను చూపు బల్ల మీదే ఉంచి, వానలు లేని ఊళ్ళో నీళ్ళు ఎలా దాచుకునేవారో ఏదో చెబుతూ పోయాను. మళ్ళీ తలెత్తేసరికి ఆఖరి వరసలో తొమ్మిది మందే ఉన్నారు.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. లోలోపల దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

మందూబ్ ఆఖరి మనిషి దాకా వచ్చాడు. చేతిలో ఒక్క కార్డు మిగిలింది. దాని మీది పేరు చదివాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ చదివాడు. ఇతనెక్కడ అని ముందున్న మనిషిని అడిగితే అతను పైకప్పు చూశాడు. నన్ను అడిగితే, నేను పాఠం చెప్పుకుంటున్నాను, మనుషులను లెక్కపెట్టడం నా పని కాదన్నాను. అతను నిట్టూర్చి ఫోన్ తీశాడు. ఒకడు పారిపోయాడని రాయించాలి, క్యాంప్‌కు చెప్పాలి అని తనలో తను అనుకున్నట్టు ఇంగ్లీషులో అన్నాడు.

పారిపోయాడని రాయించేది ఎవరి పేరు మీదో అప్పటిగ్గానీ నాకు తట్టలేదు. ఆ కార్డు మా ప్లంబర్‌ది కాదు, ఖల్లివెల్లి అయినవాడికి కార్డే ఉండదు. దాని అసలు మనిషి క్యాంప్‌లో ఎక్కడో ఉండి ఉంటాడు. ఇప్పుడు కాగితాల మీద ఖల్లివెల్లి అయ్యేది అతను. నేను చూపించిన తలుపు ఒకడిని బయటికి పంపి, ఇంకొకడి నెత్తిన పడబోతోంది.

అప్పుడు ముందు వైపు పెద్ద ద్వారంలోంచి, కౌంటర్ దాటుకుని, మా ప్లంబర్ లోపలికి నడుచుకుంటూ వచ్చాడు. ఎండలో తిరిగొచ్చిన చెమట ముఖం నిండా ఉంది. ఎంత దూరం పోయాడో, ఎక్కడ ఆగాడో నాకు తెలియదు. తిన్నగా వచ్చి మందూబ్ ముందు నిలబడ్డాడు. అతనికి హిందీ వచ్చు, నాకంటే బాగా వచ్చు. అయినా నా వైపు తిరిగాడు.

"మేడం, మీరే చెప్పుండ్రి. నేను చెప్తె తప్పు పోతది," అన్నాడు. "గా కార్డు ఆయినకు జొరమచ్చి క్యాంపుల పన్నడు. ఆయిన ఎటు పోలె. ఆయిన అంగి తొడుక్కోని నేనచ్చిన. ఆరేండ్ల కింద నేను నా కంపెనీ ఇడిసి పోతె, నా రూములున్నోళ్ళ సెలవులు బంద్ వెట్టిన్రు. మల్ల గట్ల కావద్దు. ఖల్లివెల్లి అయింది నేను."

నేను హిందీలో మొదలుపెట్టాను. జ్వరం, చొక్కా, ఆరేళ్ళు, సెలవులు, అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఏదో ఒకటి మార్చి చెబుదామా అని ఒక్క క్షణం అనిపించకపోలేదు. కానీ అతను నా నోటి వైపే చూస్తున్నాడు, హిందీ తెలిసినవాడు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. దానికి అనువాదం అక్కర్లేకపోయింది కూడా. మందూబ్ దాన్ని అప్పుడే, అతని నోటి నుంచే విన్నాడు.

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన కార్డును కాసేపు అటూ ఇటూ తిప్పి, అదీ జేబులో పెట్టుకున్నాడు. ఇతన్ని ఇక్కడ వదిలేసి పోలేను మేడం, మీకు అర్థమవుతుంది కదా అన్నాడు. అర్థమైందన్నాను. అతని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. బస్సు దగ్గరికి పోదామని అందరికీ చెయ్యి ఊపాడు.

"ఇంక ఐదు పేజీలున్నయ్ మేడం," అన్నాడు మా ప్లంబర్. "అయిపోయినంక పోదం."

మందూబ్ నా వైపు చూశాడు. ఇంకా పాఠం మిగిలి ఉందని చెప్పాను. గడియారం చూసుకుని, సరే అన్నాడు.

మిగిలిన ఐదు పేజీలూ మా ప్లంబర్ ముందు వరసలో నిలబడి విన్నాడు. నా జన్మలో అంత ఘోరంగా ఏ పాఠమూ చెప్పలేదు. వాక్యాలు మింగేశాను, భూకంపం పేజీ రెండుసార్లు చదివాను. అతను మాత్రం తను దిద్దిన మాటలు వచ్చిన చోటల్లా చిన్నగా తల ఊపాడు. అయిపోయాక మందూబ్ అతన్ని బస్సులో తన పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. నేను ఎండలో నిలబడి చూశాను. ఒక్క ముక్క క్షమాపణ చెప్పలేదు. ఏ మాటతో చెప్పాలో తెలియలేదు.

ఆ తర్వాతి సంగతులు వాచ్‌మన్ ద్వారా తెలిశాయి. సంబంధిత ఆఫీసులో అప్పగించారనీ, కొన్ని వారాలు అక్కడ ఉంచి ఇంటికి పంపేశారనీ, మళ్ళీ ఈ దేశం రావడానికి లేదనీ చెప్పాడు. జ్వరం వచ్చినతనికి హెచ్చరిక కాగితం ఇచ్చి వదిలేశారట. ఇప్పటికీ అదే క్యాంప్‌లో, అదే డ్యూటీలో ఉన్నాడట. మా ఆయనకు అంతా చెబితే, నీకెందుకే ఈ పాఠాలు, మానెయ్ అన్నాడు. మానలేదు. మానితే ఆ పన్నెండు పేజీలు వేరే ఎవరి చేతికో పోతాయి, వాళ్ళు మళ్ళీ సుంకరులను తీసుకొస్తారు.

మర్నెల ఇంకో కంపెనీ నుంచి ఇంకో బస్సు వచ్చింది. ఏడో పేజీలో ఆ మాట తీసేశాను. పారిపోయారని మామూలుగా చెప్పాను, అతను మొదటి రోజే చెప్పినట్టు. వెనక వరసలు చూడకుండా ఉండటం అలవాటు చేసుకుంటున్నాను.

ఆ వాక్యం కింద మాత్రం ఇంగ్లీషు పాఠంలో లేనిది ఒకటి చేర్చాను. నాకు తెలిసి ఏ శాసనంలోనూ, ఏ పుస్తకంలోనూ లేదు. ఆధారం ఏమిటని మ్యూజియం వాళ్ళు అడగరు, వాళ్ళకు తెలుగు రాదు. బల్ల మీది ఊరి చుట్టూ నిలబడ్డవాళ్ళకు పడమటి ద్వారం చూపించి, ప్రతిసారీ చెబుతాను. పోయినవాళ్ళలో ఒకడు, తన భారం ఇంకొకడి మీద పడుతుందని తెలిసి, తనంతట తాను తిరిగొచ్చాడని.